ఓవర్‌క్లాకింగ్: ప్రాసెసర్‌ను దెబ్బతీసేది స్పీడు కాదు, వోల్టేజ్

డెస్క్‌టాప్‌లు అసెంబుల్ చేసి ట్యూన్ చేయడం నా పని. ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన స్పీడు దాటించి నడపడం) మాటెత్తితే కొందరు బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులు ఉండే చోటు) వేలు పెడితేనే ప్రాసెసర్ కాలిపోతుందని భయపడతారు. ఇంకొందరు ఏదో వీడియోలో చూసిన నంబర్లను ఉన్నవి ఉన్నట్టు కొట్టేసి, విండోస్ లోడ్ అయింది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. ఇద్దరికీ నేను ముందు చెప్పేది ఒకటే. మల్టిప్లయర్ (స్పీడును నిర్ణయించే అంకె) ఎక్కువైతే సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది, రీసెట్ చేస్తే మళ్లీ మామూలవుతుంది. వోల్టేజ్ ఎక్కువైతే మాత్రం చిప్‌కు జరిగిన నష్టం పూడదు.

అపోహ: ఓవర్‌క్లాక్ చేస్తే వేడికి ప్రాసెసర్ కాలిపోతుంది.

ఇప్పటి ప్రాసెసర్లు తమ వేడిని తామే కొలుచుకుంటాయి. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో చాలావాటికి 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌లో ఎక్కువ మోడళ్లకు 95 డిగ్రీలు హద్దు. అక్కడికి చేరగానే స్పీడు తగ్గించుకుంటాయి. అయినా వేడి ఆగకపోతే సిస్టమే ఆఫ్ అయిపోతుంది. కూలర్ సరిగా బిగించకపోయినా చిప్ బతికి బయటపడేది అందుకే.

అసలు నష్టం నెమ్మదిగా జరుగుతుంది. వోల్టేజ్, కరెంటు, వేడి కలిసి చిప్ లోపలి సన్నని లోహపు తీగల్ని, ట్రాన్సిస్టర్లని అరగదీస్తూ పోతాయి. కొంతకాలానికి, నిన్నటిదాకా ఆడిన సెట్టింగే ఆడటం మానేస్తుంది.

చిప్ తినే పవర్ స్పీడుతో పాటు అదే దామాషాలో పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. ఒక చిప్ 1.20 వోల్టుల దగ్గర 5.0 గిగాహెర్ట్జ్‌లో నడుస్తోందనుకుందాం. దాన్ని 5.2కి తీసుకెళ్లడానికి 1.35 వోల్టులు కావాల్సి వచ్చిందనుకుందాం. స్పీడు పెరిగింది 4 శాతం. పవర్ పెరిగింది దాదాపు 32 శాతం. ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూసుకుంటే, చివరి 100 మెగాహెర్ట్జ్ కోసం తాపత్రయపడటం చాలామంది మానేస్తారు.

అపోహ: బయోస్‌లో ఏమీ ముట్టుకోకుండా ఆటోలో వదిలేస్తే టెన్షన్ లేదు.

ఈ నమ్మకం వల్లే ఎక్కువమంది నష్టపోయారు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో, ముఖ్యంగా ఐ9లలో, ఓవర్‌క్లాకింగ్ జోలికే వెళ్లని మెషీన్లు కూడా క్రాష్ అవుతూ వచ్చాయి. చిప్‌కు అవసరానికి మించి వోల్టేజ్ అందడమే కారణమని 2024లో ఇంటెల్ చెప్పి, మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్‌డేట్ కొత్త నష్టాన్ని అడ్డుకుంటుంది కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయదు. అంతకు ముందు ఏడాది, 2023లో, రైజెన్ 7000 ఎక్స్‌3డీ (అదనపు క్యాష్ మెమరీ పేర్చిన) చిప్‌లు కొన్ని బోర్డుల్లో సాకెట్‌తో సహా కాలాయి. అప్పుడు ఏఎండీ ఎస్‌ఓసీ వోల్టేజ్ (మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు వెళ్లేది) 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేసింది.

కాబట్టి నా దగ్గర మొదటి పని ఎప్పుడూ బయోస్ అప్‌డేటే. ఆ తర్వాత సెన్సర్లను చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి, ఆటోలో బోర్డు ఎంత వోల్టేజ్ ఇస్తోందో చూస్తాను. ఆటో అంటే బోర్డు తయారీదారు ఎంచుకున్న సెట్టింగ్. బెంచ్‌మార్క్‌లో తమ బోర్డు ముందుండాలని వాళ్లు కాస్త ధారాళంగానే ఇస్తుంటారు.

అపోహ: ఏ ప్రాసెసర్‌నైనా ఓవర్‌క్లాక్ చేయొచ్చు.

ఇంటెల్‌లో పేరు చివర కె ఉన్న చిప్, జెడ్ సిరీస్ బోర్డు రెండూ కావాలి. బి సిరీస్ బోర్డుల్లో కొత్తవాటిలో మెమరీ స్పీడు మాత్రం మార్చుకోవచ్చు. రైజెన్‌లో చాలావరకు అన్‌లాక్ చేసినవే, బి లేదా ఎక్స్ సిరీస్ బోర్డు ఉంటే చాలు. 2022లో వచ్చిన 5800ఎక్స్‌3డీ మల్టిప్లయర్‌ను మాత్రం ఏఎండీ లాక్ చేసింది, ఎందుకంటే పైన పేర్చిన క్యాష్ ఎక్కువ వోల్టేజ్ తట్టుకోదు. 2024లో 9800ఎక్స్‌3డీలో ఆ క్యాష్‌ను కోర్ల (లెక్కలు చేసే భాగాల) కిందికి మార్చాకే లాక్ తీశారు.

అపోహ: అదే మోడల్ ఫలానా వాళ్లకు 5.5 గిగాహెర్ట్జ్ వచ్చింది, నాకూ రావాలి.

రాకపోవచ్చు. ఒకే వేఫర్ (సిలికాన్ పలక) నుంచి కోసిన రెండు చిప్‌లు కూడా ఒకే వోల్టేజ్‌కు ఒకే స్పీడు ఇవ్వవు. పక్కవాళ్ల స్పీడును లక్ష్యంగా పెట్టుకున్నా పర్వాలేదు, వోల్టేజ్‌ను మాత్రం కాపీ కొట్టొద్దు.

అపోహ: సినీబెంచ్ ఒకసారి పూర్తయితే స్టేబుల్ అన్నట్టే.

సినీబెంచ్ స్పీడు కొలిచే టెస్టు. క్రాష్ కాకపోవడం ఒకటి, లెక్క తప్పకపోవడం ఇంకొకటి. అంచు మీద నడుస్తున్న ప్రాసెసర్ ఒక్కోసారి తప్పు చేసి తనే దిద్దుకుంటుంది. స్క్రీన్ మీద ఏమీ కనబడదు. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో వియా-లాగర్ (WHEA-Logger) పేరుతో 19వ నంబర్ ఈవెంట్ ఉందేమో చూడండి. ఉంటే, ఓవర్‌క్లాక్ తర్వాతే అవి మొదలై ఉంటే, టెస్టు పాసైనా ఆ సెట్టింగ్‌ను నేను ఒప్పుకోను.

మల్టిప్లయర్‌ను ఒక్కో అంకె చొప్పున పెంచాలి, అంటే 100 మెగాహెర్ట్జ్. ఒకసారికి ఒకే మార్పు. ప్రతి మార్పుకూ ఓసీసీటీ గానీ ప్రైమ్95 గానీ (ప్రాసెసర్‌పై పూర్తి భారం వేసే టెస్టులు) నడిపి వేడి, వోల్టేజ్, ఎర్రర్లు గమనించాలి. లోడ్ పడగానే వోల్టేజ్ కాస్త కిందికి జారుతుంది. అది లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటే. దాన్ని పూర్తిగా ఆపేయాలని లోడ్-లైన్ క్యాలిబ్రేషన్ (ఆ జారుడును తగ్గించే బయోస్ సెట్టింగ్)ను అన్నిటికన్నా గట్టి లెవెల్‌లో పెడితే, లోడ్ తగ్గిన క్షణాన వోల్టేజ్ ఎగిరి హద్దు దాటుతుంది. సెన్సర్ నిదానంగా చదువుతుంది కాబట్టి ఆ ఎగురుడు సాఫ్ట్‌వేర్‌లో కనబడదు. మధ్య లెవెల్ చాలు.

ఫుల్ లోడ్‌ను గంటలు తట్టుకున్న మెషీన్, బ్రౌజర్ తెరిచి ఊరికే ఉన్నప్పుడు రీస్టార్ట్ అవడం కూడా మామూలే. తేలిక పనుల్లో ఒక్కో కోర్ తన గరిష్ఠ స్పీడుకు వెళ్తుంది కాబట్టి అలా జరుగుతుంది. అందుకే కోర్‌సైక్లర్ అనే టూల్‌తో ఒక్కో కోర్‌ను విడిగా పరీక్షించాలి, ఐడిల్‌లో కూడా వదిలి చూడాలి.

అపోహ: ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో ఆన్ చేయడం ఓవర్‌క్లాకింగ్ కాదు.

ఓవర్‌క్లాకింగే. ఇవి ర్యామ్‌ను ఎక్కువ స్పీడులో నడిపే రెడీమేడ్ ప్రొఫైళ్లు. రైజెన్ 7000కు అధికారిక మెమరీ స్పీడు డీడీఆర్5-5200. 6000 ప్రొఫైల్ పెడితే ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్‌ను హద్దు దాటించినట్టే. వారంటీ షరతుల్లో కూడా అలాగే ఉంటుంది. ర్యామ్‌లో వచ్చే తప్పులు ఫైళ్లలోకి చేరిపోతాయి. ఫొటోలో సగం బూడిదరంగు, విప్పుకోని జిప్ ఫైలు, వారాల తర్వాత బయటపడతాయి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 కనీసం ఒక పూర్తి పాస్ అయ్యాకే, అదీ ఒక్క ఎర్రర్ కూడా లేకుండా, ప్రాసెసర్ మీద చెయ్యి వేయండి. ముందు బ్యాకప్ తీసుకోండి, దయచేసి.

అపోహ: పెద్ద లిక్విడ్ కూలర్ ఉంటే వోల్టేజ్ ఎంతైనా పెట్టొచ్చు.

9 గిగాహెర్ట్జ్ దాటిన రికార్డులు ద్రవ హీలియంతో, నిమిషాల కోసం చేసినవి. రోజూ వాడే మెషీన్‌కు అవి కొలమానం కాదు. పైగా ప్రాసెసర్‌కు లిక్విడ్ కూలర్ పెట్టినప్పుడు సాకెట్ చుట్టూ ఉండే వీఆర్‌ఎమ్‌కు (ప్రాసెసర్‌కు వోల్టేజ్ అందించే భాగానికి) ఫ్యాన్ గాలి తగలదు. దాని వేడిని కూడా గమనించాలి.

అపోహ: గిగాహెర్ట్జ్ పెరిగితే గేమ్ ఫ్రేములూ పెరుగుతాయి.

1998లో 300 మెగాహెర్ట్జ్ సెలెరాన్ 300ఏని 450లో నడిపితే తేడా కళ్లకు కనబడేది. ఇప్పుడు చిప్‌లో మిగిలే ఆ సత్తాను బూస్ట్ (చిప్ తనే స్పీడు పెంచుకోవడం) రూపంలో కంపెనీలే ముందుగా వాడేస్తున్నాయి. 4కే గేమ్‌లలో సాధారణంగా గ్రాఫిక్స్ కార్డే అడ్డం. అన్ని కోర్లనూ ఒకే స్పీడుకు కట్టేస్తే, ఒంటి కోర్ బూస్ట్ తగ్గి కొన్ని పనులు నెమ్మదించడమూ ఉంది.

రైజెన్ అయితే నేను ఇప్పుడు మాన్యువల్ స్పీడు పెట్టను. వోల్టేజ్‌ను సర్దే కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ మైనస్ 10తో మొదలుపెడతాను. ఒక్కో అంకెకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. వోల్టేజ్ తగ్గితే వేడి తగ్గుతుంది, ఆ మిగిలిన చోటును బూస్ట్ తనే వాడుకుంటుంది. టెస్టులో ఏ కోర్ తడబడితే దానికి మాత్రం అంకె వెనక్కి తెస్తాను. ఏదో ఒక మెట్టు దగ్గర బూట్ కాకపోతే కంగారు పడకండి. పవర్ కేబుల్ తీసి, బోర్డు మీద క్లియర్ సీమాస్ పిన్నులను కొన్ని సెకన్లు కలిపితే సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. ఆ పిన్నులు మీ బోర్డులో ఎక్కడున్నాయో మాన్యువల్ చూసి, పని మొదలుపెట్టకముందే గుర్తుపెట్టుకోండి. గ్రాఫిక్స్ కార్డు కింద దాక్కునే బోర్డులూ ఉన్నాయి.