ఘాటురా అన్నాడు బాబాయి

గుంటూరు మిర్చి యార్డులో ఒక మార్చి పొద్దున మా బాబాయి ఏడ్చాడు. వరసగా రెండేళ్ళు నష్టం చూసిన మనిషి. ఆ రోజు తేజ రకం మిర్చి టిక్కీలకు, అంటే బస్తాలకు, తను అనుకున్నదానికంటే మంచి రేటు పడింది. కాటా అయ్యాక కమీషన్ ఏజెంటు చిట్టీ చేతికిచ్చాడు. బాబాయి దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. కండువాతో కళ్ళొత్తుకుని, గొంతు పెగలక కాసేపు అలాగే నిలబడిపోయాడు. "ఏంటి బాబాయ్?" అంటే, "ఘాటురా" అన్నాడు. అక్కడ హమాలీల దగ్గర్నుంచి అందరి కళ్ళలోనూ నీళ్ళే కాబట్టి అబద్ధం చెల్లిపోయింది.

ఇంటికొచ్చి పిన్నికి చెప్తూ, "బాబాయి ఉద్వేగానికి లోనయ్యాడు" అన్నాను. "టీవీవాళ్ళలా ఏం మాటలురా, ఏడుపొచ్చిందని చెప్పు" అంది.

పిన్ని అన్నదీ నిజమే. ఉద్వేగం పేపర్ల మాట, సన్మాన సభల మాట. ఇళ్ళలో మనం ఒంటి మీద పెట్టి చెప్తాం: గుండె దడదడలాడింది, ఒళ్ళు జలదరించింది, గొంతు పూడుకుపోయింది, కడుపు తరుక్కుపోయింది. అయితే ఆ పెద్ద మాటను విప్పి చూస్తే లోపల ఉన్నదీ ఒళ్ళే. సంస్కృతంలో 'విజ్' అనే ధాతువుకు వణకడం, అదరడం అని అర్థం. దానికి ముందు 'ఉత్' చేరింది, అంటే పైకి. మనం బండి మీద చూసుకునే వేగం కూడా ఆ ధాతువులోంచి పుట్టిందే. భగవద్గీత 17వ అధ్యాయంలో 'అనుద్వేగకరం వాక్యం' అని ఉంది, ఎదుటివాణ్ణి కలవరపెట్టని మాట అని. సంస్కృతంలో ఉద్వేగమంటే ఎక్కువగా భయం, కలత. సంతోషం పట్టలేకపోయినా ఉద్వేగమే అనడం మన తెలుగులో బాగా అలవాటైంది.

ఎమోషన్ కథా దగ్గరదగ్గర ఇంతే. లాటిన్‌లో దాని మూలానికి బయటికి కదిలించడం అని అర్థం. 16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో జనంలో పుట్టే అలజడికీ ఆ మాటే వాడేవాళ్ళు. ఆవేశం దారి మాత్రం వేరు. అందులో ఉన్న 'విశ్' ధాతువుకు ప్రవేశించడం అని అర్థం. బయటిదేదో లోపలికి దూరిందన్నమాట, జాతరలో పూనకం వచ్చినట్టు. "ఆవేశంలో అనేశాను" అనే మనిషి తప్పులో సగం ఆ దూరినదాని మీదికి నెట్టేస్తున్నాడని నా అనుమానం.

చిట్టీ చూసిన ఆ క్షణాన బాబాయి ఒంట్లో జరిగింది ఇదీ. కంగారులో ఒంటిని సిద్ధం చేసే సింపథెటిక్ నాడులు మేలుకుంటాయి, అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, చేతులు వణుకుతాయి, వెంట్రుకల మొదళ్ళలోని బుల్లి కండరాలు బిగిసి గగుర్పాటు వస్తుంది. గాలి ఎక్కువ తీసుకోవాలని గొంతు దారి తెరుచుకునే ఉండాలని చూస్తుంది. మింగాలంటే అది మూసుకోవాలి. గొంతులో ముద్ద అడ్డుపడినట్టు ఉండటానికి ఈ పెనుగులాటే కారణమంటారు.

మరి ముందు ఏది, మనసా ఒళ్ళా? 1884లో అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త విలియం జేమ్స్ మామూలు లెక్కను తలకిందులు చేశాడు. భయపడి వణకడం కాదు, వణుకుతున్నట్టు తెలియడమే భయం అన్నాడు. 1927లో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ దీన్ని గట్టిగా కాదన్నాడు. గుండె దడ కోపంలోనూ ఉంటుంది, భయంలోనూ ఉంటుంది, జ్వరంలోనూ ఉంటుంది, మరి మనిషి తేడా ఎలా పోల్చుకుంటాడు అని ఆయన ప్రశ్న. నా ఓటు కానన్‌కే, దానికి సాక్ష్యం యార్డులోనే ఉంది. మిరపలోని క్యాప్సైసిన్ మన నాడుల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. మామూలుగా 43 డిగ్రీలు దాటిన వేడికి మేలుకునేది అది. అందుకే మిరప మంట నిజంగానే మంటలా ఉంటుంది. కళ్ళు కారతాయి, చెమట పడుతుంది, గొంతు పట్టేస్తుంది. అయినా ఆ హమాలీలెవరికీ దుఃఖం రాలేదు, టీ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు.

ఈ చిక్కు భరతుడికీ తెలుసు. నాట్యశాస్త్రంలో ఆయన చెప్పిన ఎనిమిది సాత్విక భావాలు బెజవాడకు కాస్త దూరంలోనే ఉన్న కూచిపూడిలో పిల్లలు నేర్చుకునేవే: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, ముఖం పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. డాక్టరు రాసుకునే లక్షణాల్లా లేవూ! కన్నీటికి కారణాలు చెప్తూ ఆయన ఆనందాన్ని, శోకాన్ని చెప్పి ఊరుకోలేదు. పొగనూ కాటుకనూ కూడా ఆ వరసలోనే కలిపాడు. మిరపకాయ అప్పటికి మన దేశానికి రాలేదు గానీ, వచ్చి ఉంటే అదీ చేరేదే.

ఆయుర్వేదం రాసిన చరకుడు ఇంకో అడుగు ముందుకేశాడు. ఆపుకోకూడని వేగాలు, అంటే ఒంటికి దానంతటదే వచ్చే తొందరలు, పదమూడు అని లెక్కపెట్టాడు. తుమ్ము, ఆవలింత, ఆకలి, దాహం, నిద్రతో పాటు కన్నీరూ వాటిలో ఉంది. ఉద్వేగంలో ఉన్న వేగమే ఈ మాట కూడా. ఆపుకోవాల్సినవి వేరే చెప్పాడు: లోభం, శోకం, భయం, కోపం. అంటే శోకాన్ని అదుపులో పెట్టుకోవాలట, కన్నీటిని మాత్రం ఆపకూడదట. ఈ తేడా పట్టుకున్నవాడు ఎవరో ఏడుస్తుంటే దగ్గరుండి చూసినవాడే అయ్యుంటాడు.

బాబాయి ఆ రోజు ఆపకూడనిదాన్నే ఆపుకోవాలని చూశాడు. చిట్టీ మడిచి జేబులో పెట్టుకుని, "పద, టీ తాగుదాం" అన్నాడు. యార్డు దాటి చాలా దూరం వచ్చాం, ఘాటు వాసన కూడా పోయింది. టీ బండి దగ్గర గ్లాసు పట్టుకుని ఇంకా ముక్కు చీదుతూనే ఉన్నాడు.