పాత ఐర్లండ్ పల్లెల్లో సరుకులు, అరువు: అపోహలు - వాస్తవాలు

ఐర్లండ్ పల్లెల ఆర్థిక చరిత్రే నేను పని చేసే రంగం. ఈ విషయం ఎక్కడ కదిపినా అవే అపోహలు వినిపిస్తాయి, అందుకే ఒకసారి రాసి పెడుతున్నా.

అపోహ: అన్నీ ఇంట్లోనే పండేవి, కొట్టుతో పనే లేదు.

వాస్తవం: బంగాళాదుంపలు, పాలు ఇంటివే. కానీ 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి టీ పొడి, పంచదార, సబ్బు, కిరోసిన్, పొగాకు లేకుండా ఇల్లు గడిచేది కాదు. కొన్న పిండి సంచిని కూడా పారేయలేదు, ఆ గుడ్డనే ఉతికి దుప్పట్లుగా కుట్టుకున్నారు.

అపోహ: ఇంటి ఖర్చంతా మగవాళ్ల సంపాదన మీదే నడిచేది.

వాస్తవం: నన్ను బాగా బాధపెట్టే అపోహ ఇది. పశువులు అమ్మిన డబ్బులో చాలా భాగం భూమి కౌలుకే పోయేది. వారం వారం సరుకులు వచ్చింది ఆడవాళ్ల కోళ్ల మీద, వాళ్లు చిలికిన వెన్న మీద. ఇంటావిడ గుడ్ల బుట్టతో కొట్టుకి వెళ్తే, కొట్టాయన గుడ్లు లెక్కపెట్టి, వాటి ఖరీదుకి సరిపడా టీ, పంచదార కాగితంలో పొట్లం కట్టిచ్చి, తేడా ఉంటే పుస్తకంలో రాసుకునేవాడు. ఆ గుడ్లు గడ్డిలో సర్దిన పెట్టెల్లో బ్రిటన్‌కి వెళ్లేవి. వెన్న సంగతి ఇంకా పెద్దది: 1770లో దక్షిణ ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో మొదలైన వెన్న మార్కెట్‌కి పక్క జిల్లా కెర్రీ కొండల నుంచి కూడా చెక్క పీపాలు వచ్చేవి. తనిఖీదారు పీపాలోకి పొడవాటి బరమా దింపి, దానికి అంటుకొచ్చిన వెన్న వాసన, రుచి చూసి గ్రేడు వేసేవాడు. గ్రేడు తగ్గితే ధర తగ్గినట్టే, అంటే ఎక్కడో కొండ మీద ఒకావిడ పాల కుండ ఎంత శుభ్రంగా కడిగిందన్నది అక్కడ తేలిపోయేది.

అపోహ: పశువుల సంతలో అరచేతిలో ఉమ్మి చేతులు చరుచుకోవడం ఉత్త వేడుక.

వాస్తవం: బేరం ఖాయమైందనడానికి అదే గుర్తు. మధ్యలో దళారి ఇద్దరి చేతులూ పట్టి కలిపేవాడు, అమ్మినవాడు అదృష్టం పేరుతో కొంచెం డబ్బు వెనక్కిచ్చేవాడు.

అపోహ: అరువిచ్చే కొట్టు యజమాని ఊరికి దేవుడు.

వాస్తవం: వాయవ్య ఐర్లండ్‌లోని డొనెగల్ జిల్లాలో మగవాళ్లు స్కాట్లాండ్‌కి కూలికెళ్లి తిరిగొచ్చేదాకా ఇంటిని నిలబెట్టింది అరువే, కాదనను. కానీ బాకీ ఉన్న మనిషి వేరే కొట్టుకి పోలేడు, చెప్పిన ధరకే కొనాలి, తన గుడ్లు కూడా అక్కడే ఇవ్వాలి. అలా వడ్డీ పిండేవాళ్లని గోంబీన్ వ్యాపారులు అని తిట్టుకునేవాళ్లు. నా దృష్టిలో ఆ తిట్టు న్యాయమే. ఆ పట్టు నుంచి బయటపడటానికే 1906లో డొనెగల్‌లోనే డంగ్లో ఊరి దగ్గర పాడీ గాలఘర్ అనే రైతు, ఇరుగుపొరుగు రైతులు కలిసి టెంపుల్‌క్రోన్ సహకార సంఘం పెట్టుకున్నారు. ముందు ఎరువు కలిసి తెప్పించుకున్నారు, తర్వాత సొంత కొట్టు తెరిచారు. వ్యాపారులు గట్టిగా అడ్డుపడ్డా సంఘం నిలబడింది, కొన్నేళ్లకే ఊరి ఆడపిల్లల కోసం అల్లికల ఫ్యాక్టరీ కూడా పెట్టింది.