గాలివాటం చూసుకున్న విమానం

బరంపురం, గంజాం జిల్లా

చిరంజీవులు చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేము క్షేమం.

మొన్న ఫోన్‌లో మీరడిగిన ప్రశ్నకి జవాబు సగంలో ఆగిపోయింది. మీ నాయనమ్మ మాత్రలు పట్టుకొచ్చి నిలబడితే నేనేం చెప్పను? ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం, బాబాయి విమానంలో ఎంతసేపు కూర్చోవాలి, అదే కదా?

దగ్గరి దారి సుమారు 12,400 కిలోమీటర్లు. అట్లాసు మీద స్కేలు పెట్టి కొలవకండి, తప్పొస్తుంది. ఒక గుమ్మడికాయ తీసుకుని, అటూ ఇటూ రెండు చుక్కలు పెట్టి, మధ్య దారం బిగించి లాగండి. దారం తొడిమ వైపు జరుగుతుంది. ఆ తొడిమే ఉత్తర ధ్రువం. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున పోతే పద్నాలుగు గంటల్లోపే చేరిపోవాలి. కానీ విమానాలు ఎప్పుడూ ఆ దారం మీదే పోవు.

ఎయిర్ ఇండియా విమానం మొదట్లో ఢిల్లీ నుంచి పడమరగా, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దారి మార్చి తూర్పుగా, పసిఫిక్ మీదుగా పోయింది. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో, అంటే పాత దారి కన్నా రెండు గంటల ముందే దిగింది! భాగహారం చేసి చూడండి, గంటకు 1,055 కిలోమీటర్లు వస్తుంది.

ఇంజన్ మారలేదర్రా. నా చిన్నప్పుడు గోపాలపురం ఒడ్డున మన తెలుగు జాలరి ఒకాయన్ని, "వేటకెళ్లిన చోటి నుంచి ఒడ్డుకి ఎంతసేపు?" అని అడిగాను. "గాలెటుందో చెప్పు బాబూ, అప్పుడు చెబుతా" అన్నాడు. తెరచాప రోజులవి. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున కూడా పడమర నుంచి తూర్పుకి ఏరులా పారే గాలి ఉంది, జెట్ స్ట్రీమ్ అంటారు. ఒక్కోసారి గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. తూర్పుకి పోయే విమానాన్ని అది వెనక నుంచి నెడుతుంది. పడమరకి పోతే ఎదురుగాలే.

చిన్నూ, నీ అనుమానం బాగుంది. భూమి తిరుగుతోంది కదా, విమానం గాల్లో ఊరికే ఆగితే అమెరికాయే కిందికి రాదా అన్నావు. నీ వయసులో నేనూ అదే అనుకున్నాను. రైల్లో కూర్చుని బంతి ఎగరేస్తే నీ చేతిలోనే పడుతుంది, వెనక బోగీలో పడదు. గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది, అందులో ఉన్న విమానమూ అంతే.

ఇక గడియారం తమాషా. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. ఢిల్లీలో తెల్లవారుజామున 4కి ఎక్కి పదిహేనున్నర గంటలు ప్రయాణిస్తే, అక్కడ అదే తేదీ ఉదయం 6. గోడ గడియారం ప్రకారం రెండు గంటలే! ఒంటికి మాత్రం ఆ లెక్క ఎక్కదు, నాలుగైదు రోజులు నడిరాత్రి ఆకలేస్తుంది. అందుకే మీ నాయనమ్మ బాబాయికి జంతికలు కడుతోంది.

గుమ్మడికాయ మీద చుక్కలు పెన్నుతో పెట్టకండి, పసుపుతో పెట్టండి. కొలిచాక అమ్మకిచ్చేయండి, పులుసు పెడుతుంది.

మీ తాతయ్య