అడ్మిన్ అకౌంట్‌కి కూడా యాక్సెస్ డినైడ్ ఎందుకు?

కంప్యూటర్ మనదే, లాగిన్ అయిన అకౌంట్ కూడా అడ్మినిస్ట్రేటరే, అయినా విండోస్‌లో ఏదో ఒక ఫోల్డర్ తెరవబోతే "యాక్సెస్ డినైడ్" అంటుంది. ఆ చిరాకులో చాలామంది, ఎక్కడో దొరికిన కమాండ్ కొట్టి సీ డ్రైవ్ మొత్తానికి ఫుల్ కంట్రోల్ ఇచ్చేసుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. అడ్డు పడుతున్నది ఏమిటో ముందు చూస్తే, చాలాసార్లు పర్మిషన్లను ముట్టుకోవాల్సిన అవసరమే రాదు.

1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (డిస్క్‌లో ఫైళ్లను అమర్చిపెట్టే పద్ధతి ఇది) ప్రతి ఫైల్‌కీ, ఫోల్డర్‌కీ ఒక ఓనర్ ఉంటారు, ఎవరు ఏం చేయొచ్చో చెప్పే జాబితా ఒకటి ఉంటుంది. ఆ జాబితాలో ఉండేది మన పేరు కాదు, ఎస్ఐడీ అనే పొడవాటి నంబరు. పాత కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్ తీసి కొత్తదానికి తగిలిస్తే మన ఫొటోలే మనకు తెరుచుకోకపోవడం అందుకే, యూజర్ పేరు అదే పెట్టుకున్నా కొత్త విండోస్ ఇచ్చిన నంబరు వేరు కదా. ఇలాంటి చోట ఓనర్‌షిప్ తీసుకోవడం సరైన పనే, ఎందుకంటే అవి మన ఫైళ్లు. ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఓనర్‌ని మార్చుకోవచ్చు. అయితే ఆ ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే మాత్రం ఓనర్‌షిప్ వచ్చినా లాభం లేదు, పాత కీ కావాల్సిందే.

సిస్టమ్ ఫోల్డర్ల కథ వేరు. విండోస్ విస్టా నుంచి, అడ్మిన్ లాగిన్ అయినప్పుడు విండోస్ రెండు టోకెన్లు (మనకు ఏ అధికారాలున్నాయో చెప్పే గుర్తింపు కార్డుల్లాంటివి) తయారుచేస్తుంది, ఒకటి పూర్తి అధికారాలున్నది, రెండోది వాటిని తగ్గించినది, మామూలుగా మనం తెరిచే ప్రోగ్రాములన్నీ నడిచేది ఈ రెండోదానితోనే. కాబట్టి ముందుగా "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్"తో ప్రయత్నించండి. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది: ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదంటూ వచ్చే బాక్స్‌లో "కంటిన్యూ" నొక్కితే అది ఆ ఒక్కసారికి ఇచ్చిన అనుమతి కాదు, మన అకౌంట్ ఆ ఫోల్డర్ జాబితాలో శాశ్వతంగా చేరిపోతుంది.

అసలు విండోస్ ఫైళ్లలో చాలావాటికి ఓనర్ ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే సర్వీస్. వాటిని మార్చే హక్కు దానిదే, అడ్మిన్‌కి చదవడం వరకే. ఏదో ఒక చెడ్డ ప్రోగ్రాం మన చేత అడ్మిన్ అనుమతి ఇప్పించుకున్నా నేరుగా సిస్టమ్ ఫైళ్లను మార్చేయకుండా ఇది అడ్డు నిలుస్తుంది, చాలా మంచి ఏర్పాటు అని నా అభిప్రాయం. అడ్మిన్ తలచుకుంటే ఓనర్‌షిప్ లాక్కోగలడు, నిజమే, కానీ వేల ఫైళ్లకు ఒకేసారి అలా చేశాక ఒక్కోదానికి ముందున్న పర్మిషన్లు తిరిగి పెట్టడం మహా కష్టం. సిస్టమ్ ఫైల్ పాడైందని అనుమానముంటే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) అనే కమాండ్ నడపండి, మరమ్మతు విండోసే చేసుకుంటుంది. తప్పనిసరిగా చేత్తో మార్చాల్సి వస్తే ఆ ఒక్క ఫైల్‌తోనే ఆగండి, పాత ఓనర్ ఎవరో రాసిపెట్టుకోండి, ఐక్యాకల్స్ (icacls) కమాండ్‌తో పాత పర్మిషన్లు సేవ్ చేసుకోండి (ఇది ఓనర్ పేరును సేవ్ చేయదు, అందుకే రాసుకోమన్నది). పని అయ్యాక ఓనర్‌ని మళ్లీ ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్‌కి మార్చేయండి.

కొన్నిటిని అసలు తెరవాల్సిన పనే లేదు. సీ డ్రైవ్‌లో దాచి ఉండే "డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్" నిజానికి ఫోల్డరే కాదు, పాత ప్రోగ్రాముల కోసం యూజర్స్ ఫోల్డర్‌కి వేసిన దారి, తెరుచుకోకుండా కావాలనే పెట్టారు. "సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్"లో జాగా తగ్గించాలన్నా లోపలికి వెళ్లక్కర్లేదు, సిస్టమ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌లో పాత రిస్టోర్ పాయింట్లు (విండోస్‌ని మునుపటి స్థితికి తిప్పడానికి అందులో దాచినవి) తీసేస్తే సరి.

పర్మిషన్లన్నీ సరిగ్గా ఉండి, ఏదో ఒక్క ప్రోగ్రాం మాత్రమే డాక్యుమెంట్స్‌లో సేవ్ చేయలేకపోతుంటే విండోస్ సెక్యూరిటీలో "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" ఆన్‌లో ఉందేమో చూడండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్‌ని ఆపడానికి 2017లో విండోస్ 10కి చేర్చిన రక్షణ అది, ఆఫ్ చేయకుండా, నమ్మకమైన ఆ ఒక్క ప్రోగ్రామ్‌నే అనుమతించిన యాప్‌ల జాబితాలో చేర్చండి.