ఇటర్ జాప్యం: గోతిలోకి దించి, మళ్లీ పైకి తీసిన మాడ్యూల్ కథ

ఫ్రాన్స్‌లోని కాదరాష్‌లో కడుతున్న ఇటర్ సంలీన రియాక్టర్ (తేలికైన పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే ప్రయోగ యంత్రం) గడువుల ప్రస్తావన మళ్లీ వచ్చేసరికి, తప్పెవరిదన్న వాదన విశాఖపట్నం ఫ్యాబ్రికేషన్ వర్గాల్లోనూ రాజుకుంది. షిప్‌యార్డు, పాత బీహెచ్‌పీవీ (భారీ లోహపాత్రల కర్మాగారం) ఉన్న ఊళ్లో ఇది వింత కాదు. పెద్ద పాత్రల అంచులు వెల్డింగ్ వేడికి ఎంత గుంజుకుంటాయో చేతులారా చూసినవారు ఇక్కడ ఎందరో ఉన్నారు. వారిలో పలువురి మాట ఒక్కటే: అతివేడి వాయువును (ప్లాస్మాను) పట్టి ఉంచే ఉక్కుపాత్రలో ఒక ముక్కైన 440 టన్నుల సెక్టారు అంచున కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తే మెటల్ ఎక్కించి, గ్రైండింగ్ చేసి సరిచేసుకోవాలి గానీ, దానికోసం ఏళ్లు పోగొట్టుకుంటారా?

2006 ఒప్పందం ప్రకారం ఇటర్‌ను భారత్ సహా ఏడు పక్షాలు కలిసి కడుతున్నాయి. ఈ వివాదానికి మూలం 2022లోని నాలుగు నెలల్లో ఉంది. ఆ జనవరిలో ఫ్రాన్స్ అణు భద్రతా నియంత్రణ సంస్థ వాక్యూమ్ వెసెల్ (ఆ ఉక్కుపాత్ర) సెక్టార్లను కలిపే వెల్డింగ్‌కు అనుమతి ఆపింది. సెక్టార్ల కొలతల్లోని తేడాలు అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. అయినా మే నెలలో తొలి మాడ్యూల్‌ను టోకమాక్ (ప్లాస్మాను అయస్కాంతాలతో బంధించే యంత్రం) గోతిలోకి దించారు. ఇటర్ సంస్థ లోపాలను బహిరంగంగా ప్రకటించింది నవంబరులో.

గోతిలోకి దిగింది వట్టి ఉక్కు సెక్టారే అయితే విశాఖ వెల్డర్ల మాట నూటికి నూరుపాళ్లు చెల్లేది. కానీ మాడ్యూల్ అంటే వెసెల్ సెక్టారు, దానిచుట్టూ థర్మల్ షీల్డు (వేడి అయస్కాంతాలను చేరకుండా ఆపే కవచం), ఇరుపక్కలా రెండు టొరాయిడల్ ఫీల్డ్ కాయిల్స్ (ప్లాస్మాను బంధించే భారీ అయస్కాంతాలు), అన్నీ ముందే కూర్చిన వెయ్యి టన్నులకు పైబడిన ముద్ద. సెక్టారు అంచు సరిచేయాలంటే అయస్కాంతాలను విప్పక తప్పదు.

ఆ అయస్కాంతాలు సర్దుబాటును ఎందుకు సహించవో వాటి తయారీలోనే కనిపిస్తుంది. 17 మీటర్ల ఎత్తైన కాయిల్‌లో నయోబియం-టిన్ కేబులును ముందు చుట్టి, ఆ తర్వాత దాదాపు 650 డిగ్రీల వేడిలో వారాల తరబడి ఉంచుతారు. అతివాహక (నిరోధం లేకుండా కరెంటు మోసే) పదార్థం ఏర్పడేది అప్పుడే. అది పెళుసుబారేదీ అప్పుడే. 760 మీటర్ల కండక్టరు ఆ వేడికి స్వల్పంగా సాగుతుంది. ఆ సాగుడును నూటికి కొన్ని వందో వంతుల లోపల ముందే లెక్కగట్టకపోతే, కండక్టరు స్టీలు పలకలో చెక్కిన గాడిలో కూర్చోదు. ఆపై మైనస్ 269 డిగ్రీలకు చల్లబరిస్తే కాయిల్ మొత్తం సుమారు 5 సెంటీమీటర్లు కుంచించుకుపోతుంది. కరెంటు పెట్టాక ఒక్కో కాయిల్‌ను లోపలికి లాగే బలం దాదాపు 40,000 టన్నులు. 18 కాయిల్స్ ముక్కులూ రాతికట్టు బావిలో చుట్టురాళ్లలా ఒకదానికొకటి ఆనుకుని ఆ బలాన్ని మోయాలి. ఎక్కడ సందు ఎక్కువైతే, పక్క కాయిల్ మీద ఒత్తిడి అక్కడ పెరుగుతుంది.

కాయిల్స్ కొద్దిగా పక్కకు జరిగినా అయస్కాంత క్షేత్రంలో వచ్చే లోపం, మూలక్షేత్రంలో పదివేలో వంతు స్థాయికి చేరేలోపే ప్లాస్మాను చెదరగొట్టగలదు. చైనా చేసిన 18 దిద్దుబాటు కాయిల్స్ ఇందుకే ఉన్నాయని ప్రాజెక్టును సమర్థించేవారు గుర్తుచేస్తారు. నిజమే, అవి క్షేత్రాన్ని దిద్దగలవు. కొలత తప్పి లోహానికి లోహం తగిలితే అయస్కాంతంలోకి పాకే వేడిని మాత్రం ఆపలేవు.

మనకు దగ్గరి ఉదాహరణ గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థది. అక్కడి చిన్న టోకమాక్ ఎస్‌ఎస్‌టీ-1 తొలిసారి కూర్చినప్పుడు హీలియం లీకుల వంటి చిక్కులతో నడవలేదు. మొత్తం విప్పి, 16 టొరాయిడల్ కాయిల్స్‌నూ ఒక్కొక్కటిగా చల్లబరిచి, కరెంటు పెట్టి చూశాకే తిరిగి కూర్చారు. తొలి ప్లాస్మా 2013లో వచ్చింది.

ఆగకుండా మాడ్యూల్‌ను దించినవారికీ ఓ వాదన ఉంది: ఇలాంటి యంత్రం ఇదే మొదటిది, పనులు సమాంతరంగా సాగాలి, ఆగినా ఖర్చు ఆగదు. 2023 జులైలో మాడ్యూల్‌ను పైకి తీశారు. సెక్టారు అంచులకు మెటల్ ఎక్కించి, యంత్రంతో చెక్కి సరిచేశారు. అంటే మరమ్మతు విశాఖలో చెప్పుకుంటున్న పద్ధతిలోనే జరిగింది, కాకపోతే అయస్కాంతాలు తగిలించడానికి ముందు జరగాల్సింది. థర్మల్ షీల్డు పైపుల్లో క్లోరిన్ అవశేషాల వల్ల వచ్చిన పగుళ్లది వేరే కథ. విప్పడం ఎటూ తప్పనందున రెండు పనులూ కలిసొచ్చాయి.

2024లో ప్రకటించిన కొత్త ప్రణాళిక ప్రకారం పరిశోధన కార్యకలాపాలు 2034లో, అసలు సంలీన ఇంధనమైన డ్యుటీరియం-ట్రిటియం (హైడ్రోజన్ ఐసోటోపులు) దశ 2039లో మొదలవుతాయి. మాడ్యూల్స్‌ను మళ్లీ గోతిలోకి దించడం 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. కొన్ని టొరాయిడల్ కాయిల్స్‌ను దించేముందు అక్కడే చల్లబరిచి పరీక్షించాలన్నది కూడా ఆ ప్రణాళికలో కొత్తగా చేరింది.