పెంటదిబ్బ కుంగినట్టే రోడ్డూ కుంగుతుంది

పాత డంపింగ్ యార్డు మీద వేసిన రోడ్డు ఎన్నిసార్లు బాగుచేసినా ఎందుకు కుంగుతోంది, రోలర్‌తో గట్టిగా తొక్కిస్తే సరిపోదా అని ఒక పాఠకుడి ప్రశ్న. సరిపోదు. మామూలు రోలర్ బలం అరమీటరు దాటి పెద్దగా దిగదు. కింద ఉన్నదేమో పది మీటర్ల చెత్త!

ఇంటి వెనక పెంటదిబ్బను గుర్తు చేసుకోండి. నిలువెత్తు పోసిన కుప్ప కొన్ని నెలల్లో నడుము దాకా దిగుతుంది. దాన్ని ఎవరూ తొక్కలేదు. గడ్డీ పేడా కుళ్లి కొంత గ్యాస్‌గా పోయింది, కొంత నీరై కారింది. మట్టి బరువుకి అణగుతుంది, అంతే. చెత్త అణగడంతో పాటు కరిగిపోతుంది కూడా.

ఈ కుంగుడు లాగరిథమ్ ప్రకారం నడుస్తుంది. మొదటి ఏడాది నుంచి పదో ఏటికి ఎంత దిగుతుందో, పదో ఏటి నుంచి నూరో ఏటికీ ఇంచుమించు అంతే దిగుతుంది. కాలం పదిరెట్లయ్యేసరికి మందంలో సుమారు 3 నుంచి 10 శాతం. 5 శాతం అనుకుందాం, మందం 10 మీటర్లు. మూసి 3 ఏళ్లయిన యార్డు మీద రోడ్డు వేసి 15 ఏళ్లు వాడితే 18ని 3తో భాగించాలి: 6. పది ఆధారంగా దాని లాగరిథమ్ 0.78. పది మీటర్లలో 5 శాతం అంటే 50 సెంటీమీటర్లు, దాన్ని 0.78తో గుణిస్తే కుంగేది 39 సెంటీమీటర్లు. 30 ఏళ్ల పాత యార్డయితే 45ను 30తో భాగిస్తే 1.5, లాగరిథమ్ 0.18, కుంగేది 9 సెంటీమీటర్లు. బడిలో లాగరిథమ్ పట్టికలు బట్టీ పట్టించే బదులు ఈ ఒక్క లెక్క చేయిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఆ 9 సెంటీమీటర్లూ అంతటా సమానంగా దిగితే ఏ బాధా లేదు. యార్డు అంచున చెత్త 2 మీటర్లే ఉంటే అక్కడ దిగేది 2 సెంటీమీటర్లలోపే. మిగిలిన 7 సెంటీమీటర్ల తేడా 50 మీటర్ల పొడవున పరుచుకుంటే డ్రైవరుకు తెలియనే తెలియదు. పాత గుంత గోడ నిట్టనిలువుగా ఉంటే మాత్రం అదే తేడా రెండడుగుల్లో వచ్చిపడి తారు అడ్డంగా బీటలు వారుతుంది. పల్లంలో నిలిచిన వాననీరు బీటలోంచి ఎండిన చెత్తలోకి దిగుతుంది. తడి తగిలితే కుళ్లు మళ్లీ మొదలు. కుంగిన చోటే ఇంకా కుంగుతుంది. పైన తారు పోసి సమం చేస్తే ప్రతి 10 సెంటీమీటర్ల తారుకీ చదరపు మీటరుకు 240 కిలోల బరువు అదనం. ఆ చోటు మంచిది కాదని నిమ్మకాయలు కోసేవాళ్లు ముందు పగిలిన పక్క కాలువను వెతకాలి.

చెత్త రెండు మూడు మీటర్లే అయితే తవ్వి తీసేసి గ్రావెల్ నింపడం మేలు. లోతు ఎక్కువైతే 15 టన్నుల దిమ్మెను క్రేన్‌తో 20 మీటర్లు లేపి వదులుతారు. 15ను 20తో గుణించి వర్గమూలం తీస్తే 17. చెత్త మెత్తన కనుక అందులో 0.4 వంతు, అంటే దాదాపు 7 మీటర్ల లోతు దాకా దెబ్బ అందుతుంది. పడ్డ గుంతల్లో రాళ్లు నింపి మళ్లీ కొడతారు. లేదా 3 మీటర్ల ఎత్తున మట్టి పోసి, కొన్ని నెలలు ఉంచి తీసేస్తారు. రెండూ ఖాళీలను మూస్తాయి, కుళ్లును ఆపవు.

పైన బిగిస్తే గ్యాస్ పక్కలకు పాకుతుంది. అందులో సగం దాకా మీథేన్. గాలిలో అది 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పురవ్వ చాలు. మ్యాన్‌హోళ్లలో, వీధిదీపాల కేబుల్ గొట్టాల్లో పోగవుతుంది. అందుకే రోడ్డు కింద 30 సెంటీమీటర్ల కంకర పొర, అందులో చిల్లుల పైపులు, పక్కన పైకి లేపిన గొట్టాలు ఉండాలి. కంకరలోకి మట్టి దిగకుండా జియోటెక్స్‌టైల్ అనే వడపోత గుడ్డ, ఆపైన బరువును పరిచే జియోగ్రిడ్ అనే గట్టి వల, తర్వాతే మామూలు పొరలు.

సీసీ రోడ్డు మాత్రం వద్దు. కింద బోలు పడినా పలక కదలకుండా నిలిచి, లారీ ఎక్కినప్పుడు విరుగుతుంది. తారు కుంగి ముందే కనబడుతుంది. అడ్డవాలు, అంటే రోడ్డు మధ్య నుంచి పక్కలకు ఉండే వాలు, మామూలుగా ఇచ్చే 2.5 శాతం కాక 4 శాతం ఇస్తే, కొంత కుంగినా నీరు జారిపోతుంది. ఆరు నెలలకోసారి లెవెల్ తీయాలి, అంటే రోడ్డు ఎత్తు కొలవాలి. ఆ కొలతకు ఆధారమైన బెంచ్‌మార్క్ రాయిని యార్డు బయట గట్టి నేల మీదే పాతాలి. చెత్త మీద పాతితే అదీ రోడ్డుతో పాటే దిగి, కుంగుడు సున్నా అని చూపిస్తుంది.