చలికాలంలో పెరటి కోళ్లు: అపోహలు - వాస్తవాలు

కార్తీకం దాటి మార్గశిరంలో పడేసరికి పశువైద్యశాల గుమ్మం దగ్గర వినిపించే మాట మారిపోతుంది. వానాకాలమంతా గొంతువాపు, డెక్కల పుండ్ల గురించి అడిగినవాళ్లే "చలికి కోళ్లు రాలిపోతున్నాయి సార్, వేడి పుట్టించే మందు ఏదైనా ఇవ్వండి" అంటూ వస్తారు. ఆసిఫాబాద్ జిల్లా సిర్పూర్(యు), గిన్నెధరి వైపు కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 5 డిగ్రీల దరిదాపులకు దిగిపోతుంది. చింతపల్లి మండలం లంబసింగి సంగతి సరేసరి. ఆ ఊళ్లలో పదీ పదిహేను కోళ్లు పెంచుకునే ఇళ్ల కోసమే ఇది రాస్తున్నాను. వేల కోళ్లున్న ఫారాల లెక్కలు వేరు.

అపోహ: చలికి పెద్ద కోళ్లు చచ్చిపోతాయి

కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు, అంటే మనకు జ్వరంగా లెక్క. ఆ వేడిని ఒంట్లోనే పట్టి ఉంచడానికి దానికి ఈకలున్నాయి. రాత్రి ఈకలు ఉబ్బించి, ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని, ముక్కును రెక్కలో దూర్చి కూర్చున్న కోడి చలికి బాధపడుతున్నట్టు మనకు కనిపిస్తుంది గానీ, అది హాయిగా నిద్రపోతోంది. ఒళ్లు పొడిగా ఉండి, కడుపు నిండి ఉంటే మన దగ్గరి చలి పెద్ద కోడిని ఏమీ చేయలేదు.

మరి రాలిపోతున్నవి ఎందుకు రాలిపోతున్నాయి? చాలాసార్లు కొక్కెర తెగులు వల్ల. చచ్చిన కోడిని తెచ్చినవాళ్లను నేను మొదట అడిగేది రెట్ట రంగు. ఆకుపచ్చగానో, తెల్లగా నీళ్లలాగానో ఉందంటే, కోడి నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీసిందంటే, బతికున్న వాటిలో ఒకటి మెడ మెలితిప్పుకునో, కాలు ఈడ్చుకునో తిరుగుతోందంటే ఇక చలి మాట మరిచిపోవచ్చు. ఈ తెగులు వైరస్ చల్లటి వాతావరణంలో, ఎండ తగలని చోట ఎక్కువ రోజులు బతుకుతుంది. పైగా సంక్రాంతికి ముందు కోళ్ల రాకపోకలు చూడండి. సంత నుంచి పుంజు, అత్తగారింటి నుంచి పెట్ట, పందెం కోసం పక్క జిల్లా నుంచి ఇంకో పుంజు వస్తాయి. తెచ్చిన రోజే దాన్ని మిగతావాటితో కలిపి గంప కింద పెడతారు. తెగులు చలితో రాలేదు, సంచిలో వచ్చింది. కొత్త కోడిని కనీసం రెండు మూడు వారాలు విడిగా ఉంచి, దాని మేత గిన్నె, నీళ్ల గిన్నె కూడా వేరుగా పెడితే సగం ఊళ్లు గట్టెక్కుతాయి.

మిగతా సగం పని టీకాది. కోడిపిల్లలకు అయిదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా అనే టీకా కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, నాలుగో వారంలో మళ్లీ ఒకసారి. ఎనిమిది వారాలు నిండాక అదే తెగులుకు ఆర్‌టుబి అనే టీకా సూది, రెక్క కింద చర్మంలోకి అర మిల్లీలీటరు. పెరటి కోళ్లకు ఆ తర్వాత ఆరు నెలలకోసారి వేయించడం మంచిది. తెగులు ఊళ్లోకి వచ్చాక పరుగెత్తుకొచ్చి వేయించుకుంటే పెద్దగా ఫలం ఉండదు. టీకా పని చేయడానికి రోజులు పడతాయి, వైరస్ అన్నాళ్లు ఆగదు.

అపోహ: చలికాలమే కదా, టీకాకు ఐసు ఎందుకు?

ఇది వినగానే నాకు చిర్రెత్తుకొస్తుంది. టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పొద్దున చలి ఉన్నా, మధ్యాహ్నం ఎండలో బండి డిక్కీ ఎంత కాగుతుందో చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. వేడికి ఆ వైరస్ చచ్చిందంటే మీరు కోడికి వేసింది వట్టి నీళ్లే. ద్రావకంలో కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, మిగిలింది పారేయాలి. రేపటికి దాచుకోకూడదు.

అపోహ: గాలి చొరబడకుండా గూడును నాలుగు వైపులా మూసేయాలి

నా లెక్కలో చలికాలంలో జరిగే పెద్ద పొరపాటు ఇదే. ప్రేమతో చేస్తారు కాబట్టి మాన్పించడమూ కష్టమే. గోనెసంచులు కట్టి, పైన యూరియా బస్తాలు కుట్టిన పరదా దించి, అడుగున సందుల్లో గడ్డి కూడా కుక్కుతారు.

తెల్లవారుజామున ఆ పరదా లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి. తడి తగులుతుంది. రాత్రి మంచేమీ లోపలికి రాలేదు. ఆ తడి కోళ్ల ఊపిరిలోంచి, రెట్టలోంచి వచ్చింది. రెట్టలో మూడు వంతులు నీరే. బయటికి పోయే దారి లేక ఆ ఆవిరి పైకప్పుకు పట్టి, చుక్కలుగా మళ్లీ కోళ్ల మీదే పడుతుంది. తడిసిన ఈక వేడిని నిలపలేదు. అంటే కోడిని వెచ్చగా ఉంచాలని కట్టిన పరదాయే దాన్ని చలికి అప్పజెబుతోంది.

ఆ తడికి రెట్ట కుళ్లి అమ్మోనియా పుడుతుంది. నిలబడి వాసన చూస్తే తెలియదు. గొంతుక్కూర్చుని, కోడి తల ఎత్తున మీ ముఖం పెట్టి గాలి పీల్చండి. కళ్లు చుర్రుమంటే, ఆ గాలినే కోళ్లు రాత్రంతా పీల్చాయని అర్థం. గొంతులో, ఊపిరితిత్తుల్లో ఉండే సన్నటి పొర దెబ్బతిని, తుమ్ములు, గురక, కళ్లలో నురుగు మొదలవుతాయి. దానిక్కూడా పేరు "చలి"యే పెడతారు.

చేయాల్సింది ఇదీ. చలిగాలి నేరుగా కోడి ఒంటికి తగలకూడదు, గూట్లో గాలి మాత్రం ఆడాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు. ఉత్తరం, ఈశాన్యం వైపు కోళ్లు కూర్చునే ఎత్తు వరకు మూయండి. కప్పు కింద, వాటి తలల కంటే పైన, జానెడు సందు రాత్రీ పగలూ తెరిచే ఉంచండి. పిల్లి, ముంగిస దూరకుండా అక్కడ జాలీ కొట్టండి. పగలు పరదా పూర్తిగా ఎత్తి ఎండ పడనివ్వండి. అడుగున మూడు నాలుగు అంగుళాల మందాన వరి ఊక పోసి, రోజూ కర్రతో ఒకసారి తిరగేయండి. తడి ముద్దలు కనిపిస్తే తీసేసి కాస్త పొడి సున్నం చల్లండి. కోళ్లు కూర్చునే కర్ర గుండ్రంగా సన్నగా కాకుండా రెండంగుళాల వెడల్పు పలకలా ఉంటే పొట్ట ఈకలు వేళ్లను కప్పుతాయి.

అపోహ: గూట్లో కుంపటి పెడితే మంచిది

పెట్టకండి. మూసిన గూట్లో బొగ్గు రాజుకుంటే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పొద్దున తలుపు తీస్తే ఒక్క కోడీ లేవదు. అదృష్టం బాగుండి గాలి ఆడుతుంటే ఊక అంటుకుంటుంది. పెద్ద కోళ్లకు అసలు ఏ రకం వేడీ అవసరం లేదు.

అపోహ: పిల్లలకు బల్బు వేస్తే చాలు

పిల్లల విషయం వేరు. ఇక్కడ చలి నిజంగానే చంపుతుంది. పొదిగిన పిల్లకు నూగే తప్ప ఈకలుండవు, ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకోలేదు. తల్లి ఉంటే ఆ బాధ్యత తల్లిది. పది పన్నెండు పిల్లల్ని ఒక నాటు పెట్ట రెక్కల కింద సులువుగా దాచుకుంటుంది, ఏ బల్బూ ఆ పని అంత బాగా చేయదు. వనరాజా, గ్రామప్రియ లాంటి మేలురకం పెరటి కోళ్ల పిల్లల్ని కొని తెచ్చినప్పుడే అసలు చిక్కు.

మొదటి వారం పిల్లలున్న చోట వేడి 35 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. నాలుగైదు వారాలకు ఈకలు వచ్చేస్తాయి. పిల్లకు రెండు వాట్ల చొప్పున బల్బు లెక్క. ఈ లెక్క పాతకాలపు తీగ బల్బుకే వర్తిస్తుంది. ఈమధ్య ఊళ్లలో అన్నీ ఎల్‌ఈడీలే. అది వెలుగిస్తుంది, పిల్లను వెచ్చబెట్టదు. "రాత్రంతా లైటు వేసే ఉంచాం, అయినా పొద్దుటికి మూల గుట్టగా చచ్చి పడున్నాయి" అన్న మాట వింటే నేను ముందు బల్బు ఏదని అడుగుతాను. వేడినిచ్చే బల్బు దొరకకపోతే పౌల్ట్రీ సామాన్ల దుకాణంలో బ్రూడర్ హీటరు అడగండి.

థర్మామీటరు లేకపోయినా ఫరవాలేదు, పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటుంటే చలి. దూరంగా గోడ పక్కకు జరిగి నోరు తెరుచుకుని ఉంటే ఉక్క. అటూ ఇటూ చెదిరి, కొన్ని తింటూ కొన్ని కాళ్లు చాపి పడుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఒక్కసారి పొద్దుపోయాక, మళ్లీ తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు చూడండి. చలి ముదిరేది అప్పుడే, కరెంటు పోయేదీ అప్పుడే. పిల్లల చుట్టూ తడిక గుండ్రంగా కట్టండి. మూలలుంటే అక్కడ కుప్పబడి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి.

అపోహ: చలికి గుడ్లు ఆగిపోతాయి

ఆగడం నిజమే, కారణం మాత్రం ముఖ్యంగా వెలుతురు. గుడ్లు బాగా పెట్టాలంటే పెట్టకు రోజుకు 14 నుంచి 16 గంటల వెలుగు కావాలి. డిసెంబరు చివర్లో మన దగ్గర పగలు 11 గంటలే. ఈకలు రాల్చే కాలం కూడా దానితోపాటు వస్తే, తిన్న మాంసకృత్తులన్నీ కొత్త ఈకలకే పోతాయి. గుడ్ల కోసమే గ్రామప్రియ పెంచుతున్నవాళ్లు తెల్లవారకముందు రెండు మూడు గంటలు లైటు వేస్తే ఫలితం కనిపిస్తుంది. దీనికి ఎల్‌ఈడీ చాలు. సాయంత్రం వేసి హఠాత్తుగా ఆర్పేస్తే కర్ర ఎక్కని కోళ్లు చీకట్లో కిందే ఉండిపోతాయి. ఏడాదికి అయిదారు పదుల గుడ్లు పెట్టే నాటు పెట్టకు మాత్రం ఇదంతా దండగ. దాన్ని విశ్రాంతి తీసుకోనివ్వండి.

అపోహ: మిరియాలు, ఎండుకారం, ఇప్పసారా పడితే ఒళ్లు వేడెక్కుతుంది

పక్షులకు మిరప ఘాటు తెలియదు. ఘాటును పసిగట్టే గ్రాహకం వాటిలో మిరపకు స్పందించదు, అందుకే చిలకలు పండు మిరపకాయల్ని అంత ఇష్టంగా తింటాయి. సారా అయితే చర్మం దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేసి ఉన్న వేడిని బయటికి తోసేస్తుంది. వెల్లుల్లి, పసుపు పెడితే నష్టమేమీ లేదు, టీకా ఎగ్గొట్టడానికి అది సాకు కాకపోతే చాలు.

వేడి కావాలంటే మేత పెంచండి. చలిలో కోడి ఎక్కువ తింటుంది. పొద్దుగూకే ముందు, గూట్లోకి వెళ్లేటప్పుడు, గుప్పెడు మొక్కజొన్న నూకో జొన్నలో వేస్తే రాత్రంతా అరుగుతూ ఒంట్లో వేడి పుట్టిస్తుంది. ఒక్క తవుడు సరిపోదు. నీళ్ల సంగతీ మరవకండి. కోడి తిన్నదానికి రెట్టింపు బరువు నీళ్లు తాగుతుంది. రాత్రి మంచుకు చల్లబడిన కుండలో నీళ్లు ముట్టదు, నీళ్లు తగ్గితే మేతా తగ్గుతుంది. పొద్దునే పారబోసి కొత్తవి, వీలైతే గోరువెచ్చగా పోయండి.

అపోహ: చలికాలం బర్డ్ ఫ్లూ వస్తుంది కాబట్టి కోడి, గుడ్డు మానేయాలి

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 బయటపడినప్పుడు ఈ భయం పల్లెలదాకా పాకింది. 70 డిగ్రీలు దాటేలా లోపలిదాకా ఉడికిన మాంసంలో, గుడ్డులో వైరస్ బతకదు. మన వంట దానికి మించే ఉడుకుతుంది. భయపడాల్సింది జబ్బు కోడిని కోసేటప్పుడు, చచ్చిన కోడిని ఉత్త చేతులతో ముట్టుకున్నప్పుడు. ఒకటి రెండు రోజుల్లో కోళ్లు వరసగా చచ్చిపోతుంటే వాటిని కోసి పంచుకోకండి, కాలవలోనో చెరువు గట్టునో పారేయకండి, మిగిలినవాటిని సంతకు తోలకండి. దగ్గర్లోని పశువైద్యశాలకు కబురు పెట్టండి. నమూనా తీశాక, లోతుగా గొయ్యి తవ్వి, కింద పైన సున్నం వేసి, కుక్కలు తవ్వకుండా పూడ్చండి. గూట్లో ఊకనూ అందులోనే వేయండి.